చప్పుడు కాకుండా దించాలి

సేన్ నది రేవులో ఉప్పు పడవలు ఆగే చోట ఎమెరి ఒక్కడే బస్తాను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించేవాడు. మిగతావాళ్లంతా భుజం మీంచి దబ్బున పడేసి, అరచేత్తో దాని వీపు మీద రెండు చరుపులు చరిచి, వెనక్కి తిరిగి మళ్లీ పడవ దగ్గరికి పోయేవాళ్లు. ఉప్పు మోసేవాడి పద్ధతి అదే మరి. దబ్బున పడితేనే సంచిలో ఉప్పు సర్దుకుంటుంది, చరిస్తేనే గట్టిపడుతుంది. లేకపోతే తర్వాత ఎత్తుకున్నవాడి మెడ మీద బస్తా ఓ పక్కకి ఒరిగిపోయి నానా తంటాలూ పెడుతుంది.

“ఎవడ్రా ఈ బస్తా దించింది? ఎమెరీగాడేనా? నీ మెత్తదనం తగలెయ్య, నా మెడ విరిగిందిరా!” అని రోజూ ఎవడో ఒకడు అరిచేవాడు.

ఎమెరి పళ్లన్నీ బయటపెట్టి నవ్వేవాడు. “ఏం చెయ్యను మావా, అలవాటు చేసుకుంటున్నా.”

“దేనికంట?”

“రాజుగారికి.”

నవ్వులాటకి అన్న మాట కాదది. పారిస్‌లో రాజు పోతే, రాజులను సమాధి చేసే సెయింట్ డెనీ మఠం దాకా ఆయన్ని మోసేది ఎవరనుకున్నారు? ప్రభువులు పక్కన నడుస్తారు, పట్టుబట్ట అంచులు పట్టుకుంటారు, కళ్లు ఒత్తుకుంటారు. మోసేది మాత్రం ఉప్పు మోతగాళ్లే. వెనకటికి ఎక్కడో దూరదేశంలో పోయిన రాజును ఇంటికి తెచ్చేదాకా చెడిపోకుండా ఉప్పులో పెట్టింది మావాళ్లేనట. అప్పట్నుంచి ఆ హక్కు మా రేవుదే. ఇంకెవడైనా ఆ పాడె మీద చెయ్యి వేస్తే రేవంతా లేచి వస్తుంది.

ఎమెరి తండ్రి గొబెర్‌ది కూడా అదే పని. ముందటి రాజుగారు పోయినప్పుడు పాడె కొమ్ముల్లో, అంటే మోసే కర్రల కొసల్లో, ముందు ఎడమది గొబెర్ భుజం మీదే ఉంది. మనిషి ఏనుగులా ఉండేవాడు. దారి పొడవునా అడుగు తడబడకుండా మోశాడు. మఠానికి ఇవతల ఒక రాతి శిలువ ఉంది. అక్కడ అరుగు మీద పాడె దించి సన్యాసులకు అప్పగించాలి. ఊరూరంతా మోకాళ్ల మీద ఉంది, పాట ఆగింది, పసిపిల్లలు కూడా నోరు మూసుకున్నారు. సరిగ్గా అప్పుడు గొబెర్ చెయ్యి రోజూ చేసే పనే చేసేసింది. పాడె కొమ్మును దబ్బున అరుగు మీద పడేసి, రాజుగారి కాళ్ల మీద కప్పిన బంగారు బట్ట మీద రెండు చరుపులు చరిచి, గిరుక్కున తిరిగి రెండో బస్తా కోసం నాలుగడుగులు వేశాడు కూడా.

ఎవరో ఫక్కుమన్నారు. అంతే! మోసినవాళ్లు ఇంకా ఇళ్లకు చేరకముందే ఆ కబురు రేవుకు చేరింది. గొబెర్ కాస్తా ‘బస్తా గొబెర్’ అయ్యాడు, ఎమెరి ‘బస్తాగాడి కొడుకు’ అయ్యాడు.

“కావాలని చెయ్యలేదురా,” అని గొబెర్ కొడుకుతో ఒకే ఒక్కసారి అన్నాడు. “మనసు రాజుగారి దగ్గరే ఉంది. చెయ్యి మాత్రం రేవులో ఉండిపోయింది.”

అందరితో పాటు తనూ నవ్వేవాడు పాపం. కానీ సెయింట్ డెనీ వైపు మాత్రం మళ్లీ పోలేదు. ఏటేటా అక్కడ జరిగే పెద్ద సంతకు ఊరంతా కదిలిపోతుంటే ఈయన మోకాలు నొప్పంటూ ఇంట్లోనే కూర్చునేవాడు. చివరిదాకా అంతే. తండ్రి ఖాళీగా వాకిట్లో కూర్చుని సంతకు పోయేవాళ్లను చూస్తుంటే ఎమెరి చూడలేకపోయేవాడు. ఆ నవ్వులు మొదలైన రోజుల్లోనే, వచ్చే రాజును నేను మోస్తాను, చప్పుడు కాకుండా దించుతాను, అప్పుడెవడు నోరెత్తుతాడో చూస్తాను అనుకున్నాడు.

ఒక్కటే చిక్కు. ఆ వచ్చిన రాజు పాలబుగ్గల పిల్లవాడు!

పట్టాభిషేకం అయ్యాక ఊళ్లోకి వచ్చిన రోజు ఎమెరి వంతెన దగ్గర జనంలో నిలబడ్డాడు. అప్పటికి వాడికీ మీసం సరిగ్గా మొలవలేదు. తెల్లగుర్రం మీద పిల్లరాజు వస్తున్నాడు. నెత్తిన టోపీ కళ్ల మీదికి జారుతోంది, పైకి తోసుకుంటున్నాడు, మళ్లీ జారుతోంది. ఎమెరికి ఒక్కసారిగా గుండె నీరైపోయింది. ‘అయ్యో బంగారుకొండా, నువ్వెప్పుడు పోతావా అని నేను చూడాలా?’ అనుకున్నాడు. తిన్నగా చర్చికి పోయి మరియమ్మ తల్లి ముందు కొవ్వొత్తి వెలిగించి, ఈ పిల్లాణ్ణి నూరేళ్లు చల్లగా చూడు తల్లీ అని మొక్కుకున్నాడు. బయటికొచ్చాక గాని తట్టలేదు. ఈయన నూరేళ్లు బతికితే తనెలా మోస్తాడు?

ఆ తిరకాసు వాణ్ణి జన్మంతా వదల్లేదు. పెళ్లయ్యాక అమెలీన్ దాన్ని పట్టుకుని ఆడించేది. వంతెన పక్కన వేడివేడి బఠాణీ జావ అమ్మేది అమెలీన్. ఆ జావ ఎంత వేడో నోరు అంతకంటే వేడి.

“రాజుగారికి జలుబు చేసిందంట,” అనేది అలా కొవ్వు ముక్క జావలో వేస్తూ.

“అయ్యయ్యో, ఎట్లా ఉందంట?” అని వీడు లేచి నిలబడేవాడు.

“చూడండమ్మా మా ఆయన్ని! ఈ ఊళ్లో రాజు చావు కోసం కాచుక్కూచున్నవాడు ఈయనొక్కడే, రాజు తుమ్మితే కొవ్వొత్తి వెలిగించేదీ ఈయనొక్కడే. మరియమ్మ తల్లికి కూడా బుర్ర తిరిగిపోతుందయ్యా, నీ మొక్కు ఏ వైపుదో తెలీక!”

ఎమెరి చెవులు ఎర్రబడేవి. “చావు కోరుకోలేదే. దించడం కోరుకున్నా. రెండూ ఒకటి కావు,” అనేవాడు.

పిల్లరాజు పెద్దవాడయ్యాడు, చక్కగా ఉండేవాడు, నవ్వుమొహం. ఊరంతా ఆయన్ని ‘మా ముద్దుల రాజు’ అనేది. అంతలో ఒక ఎండాకాలం, అడవి దారిలో పోతూ పోతూ ఉన్నట్టుండి కత్తి దూసి తన మనుషుల మీదే పడ్డాడని కబురొచ్చింది. మతి పోయిందట. కొన్నాళ్లకు తిరిగొచ్చింది, మళ్లీ పోయింది. ఎవరి దిష్టి తగిలిందో! ఊళ్లో ఆడా మగా వట్టికాళ్లతో ఊరేగింపులు తీశారు. ఎమెరి మడమలు పగిలి నెత్తురు కారుతున్నా చెప్పులు తొడగలేదు. అమెలీన్ కూడా వట్టికాళ్లతో పక్కనే నడిచింది.

తర్వాత కొన్నేళ్లకు అంతఃపురంలో బట్టలుతికే ఆవిడ జావ తాగుతూ అమెలీన్ చెవిలో వేసింది. రాజుగారు తను గాజుతో చేసినవాణ్ణని అనుకుంటున్నారట. ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదట. నన్ను తాకొద్దు, పగిలిపోతాను అని మూలకు ఒదిగి ఏడుస్తున్నారట.

రేవులో ఈ కబురు పడితే ఊరుకుంటారా? బెర్తో అని ఎమెరి ఈడువాడే, చిన్నప్పట్నుంచీ ‘బస్తాగాడి కొడుకా’ అని ఏడిపించిన వాళ్లలో మొదటివాడు. వాడు చేతులు పక్కలకు బిగించి, కర్రలా నడుస్తూ, “ముట్టుకోకండ్రోయ్, భళ్లుమంటాను!” అని గంతులేశాడు. రేవంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఎమెరి బస్తాను దించి, తిన్నగా వెళ్లి బెర్తో మెడ మీద ఒక్కటిచ్చాడు. అప్పటిదాకా వాడు ఈగను కూడా తోలినవాడు కాదు.

“ఏంట్రా నీకు రోగం?” అన్నాడు బెర్తో మెడ తడుముకుంటూ.

“నవ్వకు. ఆయన్ని మోయాల్సింది మనమేరా. గాజంటున్నాడంటే భయపడుతున్నాడు. భయపడేవాణ్ణి చూసి నవ్వుతావా?”

ఇంటికొచ్చి అమెలీన్‌తో మెల్లగా అన్నాడు. “గాజంటే, మరీ జాగ్రత్తగా దించాలే.”

మర్నాటి నుంచి సాధన ముదిరింది. పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన పచ్చగాజు గిన్నె ఒకటి అమెలీన్ దగ్గర ఉండేది. దాన్ని ఉప్పు బస్తా మీద బోర్లించి దించడం మొదలెట్టాడు. ఆ వారమే అది ముక్కలైంది. అమెలీన్ అరుపులకు పక్కవీధి కుక్కలు కూడా లేచాయి. “నీ రాజు గాజో కాదో నాకు తెలీదు గానీ, నా గిన్నె మాత్రం గాజేనయ్యా! మా అమ్మ ఇచ్చిందయ్యా!” అని నెత్తి కొట్టుకుంది. ఆ తర్వాత వాడు చెక్కగిన్నెలో నీళ్లు నింపి పెట్టుకున్నాడు. ఏళ్లు గడిచేసరికి ఆ నీళ్లు బొట్టు తొణకడం మానేశాయి.

రోజులు మాత్రం చెడ్డవొచ్చాయి. రాజుగారి చుట్టాలే ఒకర్నొకరు నరుక్కున్నారు. రొట్టె ధర పెరిగిపోయింది. ఇంగ్లీషువాళ్లు వచ్చి ఊళ్లో తిష్ఠ వేశారు. అమ్మవారి జబ్బు వచ్చి ఎమెరి, అమెలీన్‌ల ఒక్కగానొక్క కూతుర్ని, నడక నేర్చి పరుగెత్తుతున్న పెరెత్‌ను, ఎత్తుకుపోయింది. ఆ చిన్నపెట్టెను గోతిలోకి ఎమెరే దించాడు. మట్టి అంటుకున్న చప్పుడు కూడా కాలేదు. గట్టు మీద నిలబడ్డ అమెలీన్ అది చూసింది. ఆ తర్వాత వాడి సాధనను ఆమె ఎన్నడూ వెక్కిరించలేదు. ఎవరైనా వెక్కిరిస్తే గరిటె పుచ్చుకుని లేచేది.

రాజుగారు అలా ఓ మూల బతుకుతూనే ఉన్నారు. ఎమెరి జుట్టు ఉప్పులా తెల్లబడింది. ఎడమభుజం చెప్పిన మాట వినడం మానేసింది. అమెలీన్ బాతుకొవ్వు కాచి రుద్దేది, ఉన్నిగుడ్డ కట్టేది. మా రేవులో ఓ కట్టుబాటుంది. ఏటా ఈస్టర్ దాటాక ప్రతి మోతగాడూ పెద్ద బస్తాను పడవ నుంచి ఉప్పుకొట్టం దాకా మధ్యలో ఆగకుండా చేర్చాలి. ఆగినవాడికి కూలిపని ఉంటుంది గానీ పాడె మోసే హక్కు పోతుంది. చివరికి ఒక ఏడాది ఎమెరి మెట్ల మధ్యలో ఆగిపోయాడు. పడలేదు, దించలేదు, ఊరికే నిలబడిపోయాడు. కాలు లేవలేదు. కళ్లమ్మట నీళ్లు జలజలా కారాయి.

బెర్తో అప్పటికి రేవుకు మేస్త్రీ అయ్యాడు. తనే వచ్చి బస్తా అందుకున్నాడు.

“నన్ను తిట్టుకోకురా ఎమెరీ. కట్టుబాటు నేను పెట్టింది కాదు.”

“నిన్నెందుకు తిడతాను? ఈ భుజాన్ని తిడుతున్నా. ఇన్నాళ్లు ఆగింది, ఇంకొంచెం ఆగలేకపోయిందిరా సన్నాసిది.”

ఇంట్లో అమెలీన్ జావ ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. “పోనీలేవయ్యా. ఇకనన్నా ఆయన బాగుండాలని మనసారా మొక్కుకో. ఇన్నాళ్లూ నీ మొక్కులో కాస్త కల్తీ ఉండేది,” అంది. వాడికి చుర్రుమంది. తర్వాత నవ్వొచ్చింది. జావంతా తాగేసి, చర్చికి పోయి కొవ్వొత్తి వెలిగించాడు. నిజంగానే ఆ రోజు మొక్కు తేలిగ్గా ఉంది.

ఆ ఏడాదే, ద్రాక్షపళ్లు తొక్కడం అయిపోయాక, చలి మొదలవుతుండగా రాజుగారు కన్నుమూశారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. వీధుల్లో జనం బావురుమన్నారు. “మా ముద్దుల రాజా, ఇక మాకు యుద్ధాలే దిక్కు, నీకైనా విశ్రాంతి దొరికింది!” అని గుమ్మాల్లో, కిటికీల్లో ఒకటే శోకాలు. మతిలేని రాజు కోసం అంతలా ఎందుకేడ్చారని పరాయివాళ్లు అడుగుతారు. మతి పోయినా మనవాడు మనవాడు కాకుండా పోతాడా? ఎమెరి రేవులో ఒక బస్తా మీద కూలబడి పిల్లాడిలా ఏడ్చాడు.

అమెలీన్ వాణ్ణి ఓదార్చలేదు. కొంగు బిగించి తిన్నగా ఉప్పుకొట్టానికి నడిచింది. లోపల్నుంచి దబ్! దబ్! అని చప్పుళ్లు వినిపిస్తున్నాయి. తొంగిచూస్తే పాడె మీద బస్తాలు పేర్చి కుర్రమోతగాళ్ల చేత దించడం నేర్పిస్తున్నాడు బెర్తో. దించిన ప్రతిసారీ దబ్బున పడుతోంది, ప్రతిసారీ ఎవడో ఒకడి చెయ్యి లేచి రెండు చరుపులు చరుస్తోంది. బెర్తో తల పట్టుకున్నాడు.

“ఒరేయ్ వెధవల్లారా, రాజుగార్రా ఆయన, ఉప్పు కాదురా!”

“చేతికి తెలీట్లేదు మేస్త్రీ,” అన్నాడొకడు బిక్కమొహం వేసి.

అమెలీన్ లోపలికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. “బాగుంది బెర్తో అన్నా. ముందు ఒక్క బస్తా గొబెరే. ఇప్పుడు రేవు మొత్తం బస్తా గొబెర్లే.”

“వచ్చావా చెల్లెమ్మా! చచ్చిపోతున్నా ఇక్కడ. ఆపైన నీ నోరు కూడానా?”

“ఈ రేవులో చప్పుడు కాకుండా దించగలిగినవాడు ఒక్కడున్నాడు. వాడు బయట కూర్చుని ఏడుస్తున్నాడు. నీకు కనపళ్లేదా?”

“ఆగిపోయాడమ్మా. కట్టుబాటు నీకు తెలుసుగా. మోయనివ్వను, నా తల తీసినా మోయనివ్వను.”

“మోయనివ్వమని ఎవడడిగాడు? మోయడానికి కట్టుబాటుంది, సరే. దించడానికి ఏదన్నా కట్టుబాటుందా అన్నా? ఉంటే చెప్పు, నోరు మూసుకుని పోతాను.”

బెర్తో గడ్డం గోక్కున్నాడు. కుర్రాళ్ల వంక చూశాడు, పాడె వంక చూశాడు. “లేదే!” అన్నాడు చివరికి, తనకే ఆశ్చర్యంగా. “దించడానికైతే లేదు!”

ఎమెరిని పిలిపించి, శిలువ దగ్గర దించేటప్పుడు ఎడమకొమ్ము కింద కుర్రవాడి బదులు భుజం పెట్టమని చెప్పాడు. ఎమెరి నమ్మలేదు. “నా భుజం ఆగుతుందా?” అన్నాడు.

“మోసింది చాలు, దించడమేగా. ఆగకపోతే అప్పుడు చెబుతా నీ పని,” అన్నాడు బెర్తో. ఆ గొంతులో ఏడిపించడం లేదు. “మీ నాన్నను చూసి మొదట నవ్వింది మా నాన్నేరా. నీకు తెలుసో లేదో.”

“తెలుసు,” అన్నాడు ఎమెరి.

ఊరేగింపు కదిలింది. పాడె మీద రాజుగారి మైనపు బొమ్మ, కిరీటం, బంగారు బట్ట. కింద పెట్టెలో ఆయన. కుర్రాళ్లు మోస్తుంటే ఎమెరి నల్లటి ముసుగు తలమీద వేసుకుని ఎడమకొమ్ము పక్కనే ఉత్తిచేతులతో నడిచాడు. తండ్రి పోనని మొరాయించిన దారి అది. పొలాల గట్ల మీద జనం మోకాళ్లూనారు. వీడి కళ్లు మాత్రం ముందున్న శిలువ మీదే ఉన్నాయి.

శిలువ వచ్చింది. పాట ఆగింది. బెర్తో కళ్లతో సైగ చేశాడు. ఎమెరి కొమ్ము కిందికి దూరాడు, కుర్రవాడు తప్పుకున్నాడు. బరువు భుజం మీద పడగానే లోపల ఏదో చీలినట్టయింది. ప్రాణం కళ్లల్లోకి వచ్చింది. పళ్లు బిగించాడు. మోకాళ్లు మెల్లగా వంచాడు, మిగతా ముగ్గురూ వాడి ఊపిరిని చూస్తూ వంగారు. కొమ్ము భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి అరచేతికి దిగింది. అరచెయ్యి వెనకభాగం రాతిని తాకింది. వేళ్లు ఒక్కొక్కటే బయటికి లాక్కున్నాడు. పాడె రాయి మీద ఉంది.

చప్పుడు కాలేదు. పిచ్చుక కూడా ఎగరలేదు.

బెర్తో అప్పుడే ఊపిరి వదలబోయి మళ్లీ బిగబట్టాడు. ఎమెరి కుడిచెయ్యి లేస్తోంది! ఇన్నేళ్లు కట్టేసి పెట్టుకున్న చెయ్యి, తండ్రి చెయ్యిలాగే, బంగారు బట్ట మీదికి పోతోంది. ‘కొంప మునిగింది’ అనుకున్నాడు బెర్తో. చెయ్యి బట్ట మీద వాలింది. రెండుసార్లు తట్టింది. నిద్రపోయే బిడ్డను తట్టినట్టు తట్టింది, ఎవరికీ వినపడలేదు. ఎమెరి వంగి పెట్టె దగ్గర నోరు పెట్టి ఏదో అన్నాడు. తర్వాత వెనక్కి తప్పుకుని నిలబడ్డాడు.

జనానికి అవతల, వెనకెక్కడో, ఏమీ కనపడని చోట అమెలీన్ కళ్లు మూసుకుని చెవులు రిక్కించి నిలబడి ఉంది. ఎంతసేపటికీ ఏమీ వినిపించలేదు. ఆగలేక పక్కావిడ మోచెయ్యి పట్టుకుంది.

“ఏమ్మా, ఇంకా దించలేదా?”

“అదేం మాటమ్మా? దించి ఎంతసేపైందో! సన్యాసులు లోపలికి కూడా తీసుకుపోతున్నారంట.”

అమెలీన్ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో పక్కావిడకు తెలియలేదు. అమెలీన్‌కూ తెలియలేదు.

జనం పల్చబడ్డాక ఎమెరి వచ్చాడు. ఎడమచెయ్యి వేలాడుతోంది, దాన్ని కుడిచేత్తో పట్టుకున్నాడు, మొహం మాత్రం వెలిగిపోతోంది. అమెలీన్ ఉన్నిగుడ్డ తీసి ఆ చెయ్యి మెడకు కట్టింది. కడుతూ కడుతూ మెల్లగా అడిగింది.

“వంగి ఆయనతో ఏదో అన్నావంట. బెర్తో అన్న చెప్పాడు. ఏమన్నావయ్యా?”

ఎమెరి సిగ్గుపడ్డాడు. మఠం వైపు ఒకసారి చూసి చెప్పాడు.

“పగల్లేదు బాబూ, అన్నాను.”